జెరెమియా మాస్టారు వేసిన హాజరు

జెరెమియా మాస్టారి దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లు సికింద్రాబాదులో ఏ ఆఫీసుకి వెళ్లినా ఒక్కరైనా తగులుతారు. బ్యాంకులో తగులుతారు, రైల్వేలో తగులుతారు, ఆఖరికి కోర్టులో కూడా తగిలారు. మాస్టారు నరసాపురం నుంచి ఇరవై రెండేళ్ల వయసులో ఒక ట్రంకుపెట్టెతో దిగాడు. బోయిన్‌పల్లి వెళ్లే దారిలో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుని, పాత మిషన్లు నాలుగు కొని, బోర్డు తగిలించాడు. దేవకృపని పెళ్లి చేసుకున్నాడు. ఆ మిషన్ల చప్పుడులోనే ఇరవై ఆరేళ్లు గడిచాయి, జుట్టు నెరిసింది. అంతకుమించి చెప్పుకోవడానికి ఏముంది అనే అందరూ అనుకునేవారు, ఆయనతో సహా.

మనిషికి దురలవాటంటూ లేదు. బీడీ లేదు, పేకాట లేదు, ఆదివారం చర్చి మానడం లేదు. ఉన్నదల్లా ఒక్కటే, రాని పిల్లలకి హాజరు వేయడం.

నవ్వకండి. అది ఆయన దయ. ముప్పావు వంతు రోజులు హాజరు లేకపోతే పరీక్షకి పంపకూడదని సర్కారు పరీక్షల బోర్డు వాళ్ల నియమం. వచ్చే పిల్లలు ఎవరు? పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసేవాడు, బట్టల షాపులో నిలబడే పిల్ల, చంటిబిడ్డని అత్తకి అప్పజెప్పి వచ్చే కోడలు. వాళ్లు రోజూ ఎక్కడ రాగలరు? అందుకని పగలంతా చిన్న చీటీల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, సాయంత్రం పెద్ద రిజిస్టరు తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాసేవాడు. ఎత్తిరాసేటప్పుడు ఖాళీ గడి కనిపిస్తే చాలు, ఆ చేయి ఊరుకునేది కాదు.

"పరలోకం గుమ్మంలో మిమ్మల్ని గనక రిజిస్టరిచ్చి నిలబెడితే నరకానికి ఒక్కడూ పోడండీ," అనేది దేవకృప. ఆవిడ మిషనరీ స్కూల్లో టీచరు. పిల్లలకి సున్నా వేయాల్సివస్తే సున్నాయే వేసే రకం.

ఆ తర్వాత ఊరికి కంప్యూటర్ల పిచ్చి పట్టింది. నిన్నటిదాకా టైపు లోయరు, హయ్యరు పరీక్షలన్న పిల్లలు బేగంపేట కాల్ సెంటర్లంటూ బస్సులెక్కారు. మాస్టారు సగం మిషన్లు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. బోర్డు మీద ఇన్‌స్టిట్యూట్ పక్కన ఇంటర్నెట్ సెంటర్ అని రాయించాడు. రిజిస్టర్లో ఒక గడి పెరిగింది, ఎవరు ఏ సిస్టమ్ మీద ఎంతసేపు కూర్చున్నారో రాయడానికి. అలవాటు మాత్రం పాతదే.

అప్పుడు చేరినవాడే లోవరాజు. అనకాపల్లి వైపు నుంచి వచ్చి బోయిన్‌పల్లి మార్కెట్లో ఆకుకూరలు అమ్మే గవరమ్మకి ఒక్కగానొక్క కొడుకు. నెమ్మదస్తుడు. సాయంత్రం నాలుగింటికి వచ్చి, మూడో నంబరు సిస్టమ్ మీద ఒక గంట సాధన చేసి, కుర్చీ సర్ది మరీ వెళ్లేవాడు. ఆ ఏడు లోయరు పరీక్షకి ఇరవై రెండు మంది ఉంటే, ఫస్టు క్లాసు వస్తుందని మాస్టారు నమ్మకం పెట్టుకున్నది వీడి మీదే.

రెండు వేల మూడు, ఆగస్టు నెల. ఊరి బయట రోడ్డు మీద పోలీసు జీపు కింద మందుపాతర పేలి ఇద్దరు కానిస్టేబుళ్లు చచ్చిపోయారు. మర్నాడు, పదమూడో తారీఖున, మేమే చేశామంటూ ఒక నిషేధిత సంస్థ పేరుతో పత్రికలకి ఈమెయిల్ వెళ్లింది. పేపర్లో చదివి మాస్టారు అయ్యో పాపం అనుకున్నాడు, పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ మెయిలు తన మేడ మీద నుంచే, నాలుగూ ఇరవైకి, మూడో నంబరు సిస్టమ్ మీద నుంచే వెళ్లిందని ఆయనకేం తెలుసు!

ఆ రోజు ఆయన అసలు షాపులోనే లేడు. బేగంపేటలో ఒక ఆఫీసుకి టైపు కాగితాలు ఇవ్వడానికి వెళ్లి, ట్రాఫిక్కులో ఇరుక్కుని, ఆరింటికి వచ్చాడు. వచ్చేసరికి, కూర్చున్నవాళ్లు తామే రాసిపెట్టిపోయిన చీటీలు బల్ల మీద మూడున్నాయి. మూడో నంబరు చీటీ లేదు. ఎవడు వచ్చాడో, ఎవడు కూర్చున్నాడో దేవుడికే తెలియాలి. రిజిస్టరు తీస్తే లోవరాజు గడి ఖాళీగా కనిపించింది. రోజూ వచ్చే కుర్రాడు, ఒక్క రోజు కోసం వాడికి నష్టం ఎందుకని, నాలుగు నుంచి ఐదు, మూడో నంబరు, హాజరు అని రాసేశాడు. రాసి, సిరా ఆరేదాకా ఊది, మూసేశాడు.

వారం తర్వాత మఫ్టీలో ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. "మాస్టర్, లోవరాజు అని పిల్లగాడు మీ దగ్గర నేర్చుకుంటడా?" అన్నాడు.

ఆ ఏడు సందులో సగం మంది పిల్లలు పాస్‌పోర్టుకి అర్జీలు పెట్టి ఉన్నారు. నెలకొకసారి ఎవరో ఒక పోలీసు వచ్చి ఫలానావాడు మంచివాడేనా అని అడిగిపోవడం మామూలే. ఇదీ అదే అనుకున్నాడు మాస్టారు. అక్కడే నిండా మునిగాడు.

"బంగారం లాంటి కుర్రాడండీ. నాలుగింటికి ఠంచనుగా వస్తాడు. ఒక్క రోజు నాగా లేదు."

"పదమూడు తారీఖు సుత వచ్చిండా?"

"ఎందుకు రాడండీ? ఇదిగో చూడండి." రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించాడు.

"గిదే ముచ్చట ఒక కాగితం మీద రాసియ్యున్రి జెర."

మాస్టారు రాసివ్వలేదు, టైపు కొట్టిచ్చాడు. కుర్రాడికి మంచి జరగాలని ఒక్క తప్పు లేకుండా కొట్టి, సంతకం పెట్టి, ఇన్‌స్టిట్యూట్ ముద్ర కూడా వేశాడు. నాలుగో రోజున లోవరాజుని మార్కెట్లో తల్లి బుట్ట పక్కనుంచే పట్టుకుపోయారు.

కబురందిన రోజే పోలీసులొచ్చి రిజిస్టరు కూడా తీసుకుపోయారు. వెంటనే మాస్టారినీ స్టేషనుకి పిలిపించారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆ మెయిలు మాస్టారి షాపులో మూడో నంబరు సిస్టమ్ నుంచే పోయిందనీ, ఉగ్రవాదం కేసుల కోసం వచ్చిన కొత్త చట్టం కింద లోవరాజు మీద కేసు పెట్టామనీ, విచారణ తలుపులు మూసి జరుగుతుందనీ చెప్పాడు.

"మీ పేరు ఎక్కడ రాదు మాస్టర్. సాక్షి నంబర్ మూడు, గంతే. పరదా వెనుక నిలబడి చెప్తరు. మీ ఇంట్ల సుత చెప్పొద్దు. చెప్పిన్రంటే కోర్టు ఆర్డర్ తప్పినట్టు, మీ మీదనే కేసు అయితది."

"ఇంత రహస్యం ఎందుకండీ?"

ఇన్‌స్పెక్టరు చాయ్ కప్పు కింద పెట్టాడు. "పోయిన కేసుల సాక్షి చెప్పినోడు ఇంటికాడ్నే పీనుగైండు. నేనే లేపి పోస్టుమార్టంకి పంపిన. అందుకే. నా స్టాఫ్‌ల ఇద్దరు పోయిన్రు, ఒకని బిడ్డకి ఎనిమిది నెలలు."

ఆ మాటకి మాస్టారికి కళ్లు చెమ్మగిల్లాయి. అయినా ఉన్న నాలుగు మాటలూ కూడగట్టుకున్నాడు. "అదికాదండీ, ఆ రోజు నేను షాపులో లేను. ఆ హాజరు... నేను సాయంత్రం వచ్చి వేసిందండీ."

ఇన్‌స్పెక్టరు ముఖం మారిపోయింది. "అంటే ఇన్నేండ్ల సంది దొంగ రిజిస్టర్ రాస్తున్నవా? మరి ఆ సీట్ల ఎవడు కూసున్నడు? చీటీ లేకుంట ఎవన్ని కూసోబెట్టినవ్? నీకేం సంబంధం వాళ్లతోని?"

నిజమే, ఎవడు కూర్చున్నాడు? తను చెప్పలేడు. దొంగ హాజరు బయటపడితే బోర్డు గుర్తింపు పోతుంది, వచ్చే నెల పరీక్ష రాయబోయే ఇరవై రెండు మంది హాల్‌టికెట్లు పోతాయి. ఇవన్నీ కుంటి సాకులే అనుకోండి. అసలు సంగతి భయం. "రిజిస్టర్లో ఉన్నట్టేనండీ," అన్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, పొమ్మంటే వచ్చేశాడు.

ఆ తర్వాతి సోమవారం గవరమ్మ మెట్లెక్కి వచ్చింది. జైల్లో కొడుకుని చూసి అటునుంచటే వచ్చింది. చేతిసంచిలోంచి తోటకూర కట్టలు రెండు తీసి బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, పోలీసోళ్లు మావోడు ఆ దినం నాలుగ్గంటలకి ఏదో కంపీటరు కాడ కూకున్నాడంతన్నారు. ఆడు ఆయేళ నా బుట్ట కాడే ఉన్నాడు బాబూ. నాకు జొరమొచ్చి లెగనేకపోతే ఆడే కూరలమ్మినాడు. నాను సెపితే నమ్మరట, తల్లినట. మీ బుక్కులో ఆడు రానేదని ఉంటాది గదా, అది కోర్టోళ్లకి సూపించండి."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు.

"మీరు ఒక్క అచ్చరం తప్పు రాయరని ఆడెప్పుడూ సెప్పేవోడు," అంది గవరమ్మ. "ఇప్పుడు మా బతుకంతా మీ బుక్కు మీదే ఉన్నాది."

నోరు తెరిస్తే నిజం వచ్చేస్తుందేమోనని పళ్లు బిగబట్టాడు. చివరికి, "బుక్కు... కనిపించడం లేదమ్మా. వెతుకుతాను," అన్నాడు.

"ఎతకండి బాబూ. నాను మల్లీ సోమారం వత్తాను."

వచ్చింది. ఆ సోమవారం వచ్చింది, తర్వాతి సోమవారం వచ్చింది, క్రిస్మస్ దాటినా వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ తోటకూరో పాలకూరో పట్టుకొచ్చేది. "దొరికిందా మాస్టారూ?" అనేది. దొరకలేదంటే తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. అటకమీద సూసేరా, మీ ఇంటికాడ సూసేరా అని అడిగి, ఒకనాడు తనే కొంగు బిగించి బీరువా వెనకాల దుమ్ములో చేయి పెట్టి వెతికింది. చేతులు నల్లగా చేసుకుని వెతుకుతున్న ఆ తల్లిని చూస్తూ మాస్టారు అక్కడే నిలబడిపోయాడు. ఛీ, ఏం బతుకురా ఇది అనుకున్నాడు. అనుకున్నాడే గాని నోరు విప్పలేదు.

లాయరు సుమిత్ర కూడా ఒకసారి వచ్చింది. ఫీజు తీసుకోకుండా లోవరాజు కేసు చూస్తున్న అమ్మాయి. "సార్, వాళ్ల కేసంతా ఒక సీల్డ్ కవర్ మీద నిలబడింది. అందులో ఏముందో నాకు చూపించరు. మెయిల్ ఏ సెంటర్ నుంచి పోయిందో చెప్పరు, సాక్షి ఎవరో చెప్పరు. సాక్షులకి ప్రమాదం లేదని నేను అనను, ఉంది. కానీ ఆ సాక్షి చెప్పేది తప్పైతే, తెలిసినవాడెవడో ఒకడు లేచి కాదు అనాలి కదా? తలుపులు మూసేస్తే ఎవరు లేస్తారు?" అని, "లోవరాజు మీ దగ్గరికే వచ్చేవాడు. మీరు మా తరఫున సాక్ష్యం చెబుతారా?" అని అడిగింది.

అవతలి పక్షం సాక్షి తనేనని చెప్పడానికి లేదు. చెప్పనని సంతకం పెట్టి ఉన్నాడు. "నాకు ఆరోగ్యం బాగుండడం లేదమ్మా," అన్నాడు.

అది అబద్ధం కూడా కాదు. తిండి సయించడం లేదు. గవరమ్మ ఇచ్చిన తోటకూర వండితే కంచం నెట్టేసేవాడు. దేవకృప ఎన్నాళ్లని ఊరుకుంటుంది? ఒక మధ్యాహ్నం కంచం ముందే పట్టుకుంది.

"నాలుగు నెలలైంది మీరు సరిగ్గా తిని. ప్రార్థనలో ఆమెన్ కూడా అనడం లేదు. ఏమైందండీ?"

కిటికీ మూసి, గొంతు తగ్గించి, అంతా చెప్పేశాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇన్నాళ్లూ అది మీ మంచితనం అనుకుని నవ్వాను," అంది. "వెళ్లి చెప్పేయండి."

"చెబితే పరీక్ష రాసిన పిల్లల సర్టిఫికెట్లు పోతాయి. నన్ను లోపల వేస్తారు."

"ఆ కుర్రాడు లోపలే ఉన్నాడు కదండీ."

కోర్టులో చెబుతాను, జడ్జిగారి ఎదుట చెబుతాను అని ఆవిడ చేతిలో చేయి వేశాడు. ఆ మాట పట్టుకునే రోజులు లెక్కపెట్టాడు.

ఆ రోజు రానే వచ్చింది. ముఖానికి గుడ్డ కప్పి, వ్యానులో వెనక గేటునుంచి తీసుకెళ్లారు. కోర్టు గది కిటికీలకి ఖాకీ కాగితం అంటించి ఉంది. గది మధ్యలో మందపాటి పచ్చ పరదా. పరదాకి అటు లోవరాజు, సుమిత్ర. ఇటు మాస్టారు, ముఖం మీది గుడ్డ తీయించారు. ఎదురుగా జడ్జిగారు, ఆయన కింద టైపు మిషను ముందు ఒక ఆడమనిషి. తలెత్తింది. కాంతమణి! పదేళ్ల కిందట తన దగ్గర హయ్యరు పాసైన పిల్ల. చెల్లెలి పెళ్లికని నెల రోజులు రాకపోతే, ఆ నెలంతా హాజరు వేసి హాల్‌టికెట్ తెప్పించింది తనే.

ఆవిడ చూపు ఆయన ముఖం మీద ఒక్క క్షణం నిలిచి, మళ్లీ కాగితం మీదికి దిగిపోయింది.

దేవుని ఎదుట సత్యమే చెబుతానని ప్రమాణం చేశాడు. సర్కారు వకీలు సీలు విప్పి రిజిస్టరు ముందు పెట్టాడు.

"ఇది మీ చేతిరాతేనా?"

"అవునండి."

"ఆగస్టు పదమూడు, నాలుగు నుంచి ఐదు, ముద్దాయి హాజరైనట్టు ఉందా?"

"ఉందండి."

"ఈ రాత నిజమేనా?"

ఇదే సమయం. ఇదే, చెప్పు, అని లోపలినుంచి ఎవరో తోస్తున్నారు. పక్కన ఇన్‌స్పెక్టరు బూటు కదిలిన చప్పుడైంది. "నిజమేనండి," అనేశాడు మాస్టారు.

టైపు మిషను ఆగింది. ఇరవై ఆరేళ్లు ఆ చప్పుడు విన్నవాడు, ఎవరి చేయి ఎక్కడ తడబడిందో చూడకుండా చెప్పగలడు. కాంతమణి వేళ్లు తడబడలేదు, ఆగాయి. తర్వాత జడ్జిగారు దగ్గితే మళ్లీ కదిలాయి. తను ఆడిన అబద్ధం అక్షరం అక్షరంగా కాగితం మీద పడుతుంటే మాస్టారు విన్నాడు.

పరదా అవతలినుంచి సుమిత్ర లేచింది. "సాక్షి వృత్తి ఏమిటి?" కుదరదన్నారు, ఆచూకీ తెలిసిపోతుందట. "ఆ సమయంలో సాక్షి ఎక్కడున్నాడు?" అదీ కుదరదన్నారు. "పోనీ, ముద్దాయిని ఆ రోజు కళ్లారా చూశాడా?" జడ్జిగారు ఆలోచించి, దానికి మాత్రం జవాబు చెప్పమన్నారు.

"రిజిస్టర్లో ఉందండీ," అన్నాడు మాస్టారు. గొంతు పెద్దదైంది, క్లాసులో అన్నట్టే వచ్చింది.

"మాస్టారూ!" పరదా వెనకనుంచి కేక. లోవరాజు గొంతు. దాంట్లో కోపం లేదు, సంతోషం! "మీరేనా మాస్టారూ? జడ్జిగారూ, ఈయన మా మాస్టారండి, ఈయన అబద్ధం చెప్పరండి! నేనా రోజు రాలేదని ఈయనకి తెలుసు. ఒక్కసారి అడగండి సార్! రాలేదు కదా మాస్టారూ?"

గది గందరగోళమైపోయింది. జడ్జిగారు బల్ల గుద్దారు. ముద్దాయి మాటలు రికార్డులోకి రావన్నారు. సాక్షి గుర్తింపు బయటపడింది గనుక ఇక ప్రశ్నలు లేవన్నారు, సాక్షిని పంపేయమన్నారు. "అయ్యా, ఒక్క మాట! నేను చెప్పేది ఒక్క మాట!" అని మాస్టారు అరుస్తూనే ఉన్నాడు. అప్పటికే రెక్క పట్టుకుని గుమ్మం దాటించేశారు. వెనక తలుపు పడింది, లోపల గడియ వేసిన చప్పుడైంది. మిషను మాత్రం మోగలేదు.

వెనక గేటు వైపు నడవాలి. వ్యాను సిద్ధంగా ఉంది. ముఖం మీద మళ్లీ కప్పిన గుడ్డని మాస్టారు పీకి పారేశాడు. ఇన్‌స్పెక్టరు చేయి విదిలించుకుని, యాభై ఏళ్లకి దగ్గరపడ్డ ఆ మనిషి ముందు వరండా వైపు పరుగెత్తాడు.

వరండా నిండా జనం. వాయిదాలకొచ్చినవాళ్లు, ప్లీడర్లు, చాయ్ గ్లాసులు. స్తంభం దగ్గర గవరమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే ముఖం వెలిగింది. "మాస్టారూ, మీరొచ్చేరా! బుక్కు దొరికిందా?"

"నా పేరు జెరెమియా," అన్నాడు ఆయన గట్టిగా, వరండా అంతా వినపడేలా. "బోయిన్‌పల్లి దారిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నాది. లోపల సాక్షి నంబరు మూడు నేనే. అమ్మా, ఆ రోజు నీ కొడుకు నా దగ్గరికి రాలేదు. వచ్చాడని బుక్కులో రాసింది నేను. ఇందాక అబద్ధం చెప్పింది కూడా నేనే."

వరండాలో మాటలు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి భుజం పట్టుకున్నాడు. "ఏం చేసినవ్ మాస్టర్, ఏం చేసినవ్! పా, నడువు." ఆ గొంతులో కోపంకన్నా దిగులే ఎక్కువగా ఉంది.

గవరమ్మ లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ సంచిలో చేయి పెట్టి తడిమి, జైలు అర్జీలు ఎవరిచేతో రాయించుకోవడానికి దాచుకున్న పెన్ను తీసి ఆయన ముందు పట్టింది.

"మరైతే దిద్దీండి మాస్టారూ. రానేదని రాసీండి. ఇప్పుడే."

"బుక్కు లోపలుందమ్మా," అన్నాడు మాస్టారు, ఏడుపు ఆగడం లేదు. "సీలు వేశారు. ఇక నాకివ్వరు."

"అదేటి బాబూ," అంది గవరమ్మ, చాపిన చేయి చాపినట్టే ఉంచి. "రాసింది మీరే గదా. మీకివ్వక ఇంకెవలికిత్తారు?"